వెనక సీట్లో గ్లాసు నీళ్ళు

చేతిలో గ్లాసు లేకుండా గ్లాసు బాబాయి బండెక్కగా చూసినవాళ్ళు లేరు. స్టీలు గ్లాసు, అంచుదాకా నీళ్ళు. తాగడానికి కాదు. ఎవరి బండైనా సరే, చివరాఖరి సీట్లోకి దూరి, గ్లాసు మోకాలి మీద నిలబెట్టుకుని, చేప కోసం కాచుకున్న కొంగలా ఆ నీళ్ళకేసే చూస్తూ కూర్చుంటాడు. చుక్క ఒలికిందా, "ఒరేయ్, నీళ్ళు ఒలికాయి!" అని కేక పడుతుంది. ఆ కేకకి బండి తోలేవాడి గుండె ఒలుకుతుంది.

ఆ చివరి సీటు ఆయన కోరి తెచ్చుకున్నదేమీ కాదు. చిన్నప్పుడే తల్లీతండ్రీ పోయి అన్నగారి పంచన పెరిగిన మనిషి. తన పెళ్ళికి ఇంటిల్లిపాదీ ఒకే వ్యానులో బయల్దేరారు. ముందు సీట్లో అన్నగారు, ఎందుకంటే బండి ఆయనది. ఆ వెనక అల్లుళ్ళు, ఎందుకంటే వాళ్ళు అలుగుతారు. ఆ వెనక నడుంనొప్పుల వాళ్ళు. పెళ్ళికొడుకు మాత్రం అన్నిటికన్నా వెనక, స్టెపినీ టైరు మీద, వంటగిన్నెల మధ్య. "వాడు సర్దుకుంటాడులే" అన్నారు. సర్దుకున్నాడు. చెంప మీద మూత అచ్చుతో, చొక్కా మీద మసితో దిగేసరికి, పెళ్ళికూతురి తరఫువాళ్ళు వంటమనిషనుకుని గిన్నెలు దింపమన్నారు. దింపాడు కూడా.

ప్రతి ఇంట్లోనూ ఇలాంటివాళ్ళు ఒకరుంటారు. "సర్దుకుంటారులే" అనే మాట వాళ్ళకోసమే పుట్టింది. సర్దుకోనివాళ్ళకి కిటికీ పక్క సీటు, సర్దుకునేవాళ్ళకి స్టెపినీ టైరు. లోకం నడిచే పద్ధతి ఇదే అయితే, ఆ లోకాన్ని ఒకసారి గ్యారేజీకి పంపించాలి.

బాబాయికి కళ్ళజోళ్ళ దుకాణం ఉండేది. కళ్ళకి అద్దాలు మార్చి మార్చి పెడుతూ, "ఇది బాగుందా? ఇప్పుడు? మరి ఇప్పుడు?" అని అడిగి అడిగి, అది నాలుకకి పట్టేసింది. ఇంట్లో కూర రుచి చూసినా అంతే, కొత్త పక్కదిండు కొన్నా అంతే. "ఇది బాగుందా? ఇప్పుడు?" దానికి గ్లాసు తోడైతే ఇక చెప్పేదేముంది. ఆస్పత్రిలో లిఫ్టు ఎక్కితే గ్లాసు. కొత్త భోజనాల బల్ల వస్తే నాలుగు మూలలా గ్లాసు. అన్నకొడుకు పళ్ళ డాక్టరు. అతను క్లినిక్కులోకి కొత్త కుర్చీ తెప్పించినరోజు బాబాయి అందులో పడుకుని, పొట్ట మీద గ్లాసు పెట్టుకుని, "ఇప్పుడు వాల్చరా" అన్నాడు. బయట బెంచీ మీద కూర్చున్న పేషంట్లు అది చూసి, ఇదేదో కొత్త వైద్యమనుకుని ఇద్దరు లేచి వెళ్ళిపోయారు.

ఆ డాక్టరు ఇంట్లో పెద్దబండి కొనాలని తీర్మానం జరిగింది. ఇల్లు రెండంతస్తులు. కింద బాబాయి, పిన్ని. పైన డాక్టరు, అతని తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు. భార్య స్కూల్లో డ్రాయింగ్ టీచరు. ఇంట్లో అందరికీ ఆవిడ కోడలే కాబట్టి మనమూ కోడలనే అందాం.

క్లినిక్కు వీధి చివరే. డాక్టరు నడిచి వెళ్తాడు. ఉన్న పాత చిన్నకారు వారమంతా కోడలి చేతిలో ఉంటుంది: పిల్లల స్కూలు, అత్తగారి మోకాళ్ళ డాక్టరు, మార్కెట్టు, క్లినిక్కుకి దూదిమూటలు. ఎక్కడికీ పదినిమిషాల దారి మించదు. సెలవులు రాగానే మాత్రం డాక్టరు స్నేహితుడి పెద్దబండి అడిగి తెస్తాడు, తాళంచెవి వేలికి తగిలించుకుని తిప్పుతాడు, కోడలు చిన్నపిల్లని తీసుకుని మాట్లాడకుండా చివరి సీట్లోకి పోయి కూర్చుంటుంది.

ఎందుకంటే చిన్నదానికి బండెక్కితే కడుపులో తిప్పుతుంది. కక్కుతుంది కాబట్టి దాన్ని వెనక కూర్చోబెడతారు. వెనక కుదుపులు ఎక్కువ కాబట్టి ఇంకా కక్కుతుంది. ఈ లెక్క ఆ ఇంట్లో పెద్దలకి ఎవరికీ తట్టలేదు. కొండదారి మలుపులు అది తట్టుకోలేదని, కిందటి రెండు వేసవులూ అందరూ కొండమీది విడిదింటికి వెళ్తే, తల్లీకూతుళ్ళు ఇంట్లో ఉండిపోయారు. రెండోసారి చిన్నది కిటికీలోంచి చెయ్యి ఊపుతూ, "అమ్మా, కొండ పైనుంచి మన ఇల్లు కనిపిస్తుందా?" అని అడిగింది. కోడలు ఆ మాట మర్చిపోలేదు. ఇంట్లోకి ఏ బండి రావాలన్నది మిగతావాళ్ళకి సరదా. ఆవిడకి మాత్రం ఈసారి పిల్ల కొండెక్కుతుందా లేదా అన్నదే ప్రశ్న.

డాక్టరుది డీజిల్ పక్షం. "శక్తి! అది శక్తంటే! ఏడుగురినీ, ఏడుగురి సామాన్లనీ వేసుకుని కొండ గోడలా ఉన్నా పాకుతుంది" అని క్లినిక్కులో పేషంట్లందరికీ చెప్పాడు. నోరు తెరిచి పడుకున్నవాళ్ళు ఒక్కరూ కాదనలేదు. దాంతో ఊరు ఊరంతా డీజిల్ వైపే ఉందని తేల్చుకున్నాడు.

"కొండకి ఏడాదికి ఒకసారి వెళ్తాం. స్కూలుకి రోజూ వెళ్తాను. పెట్రోలయితే కుదుపు తక్కువంటున్నారు" అంది కోడలు.

"ఎవరంటున్నారు?"

"స్టాఫ్‌రూంలో."

"స్టాఫ్‌రూంలో ఇంజన్ల గురించి కూడా మాట్లాడతారా!" అని నవ్వేశాడు డాక్టరు.

"ఏదైనా ఒకటి కొనరా నాయనా, ఎదురింటివాళ్ళ బండికన్నా ఎత్తుండాలి, అంతే" అంది అత్తగారు.

"నువ్వేమంటావు బాబాయ్?"

"నాకు రెండూ ఒకటేరా. రెంటిలోనూ వెనక సీటు వెనకే ఉంటుంది" అన్నాడు బాబాయి. అని, గ్లాసు తోముకోవడానికి లేచి వెళ్ళాడు.

షోరూంలో సేల్స్‌మన్ ఎదురొచ్చి డాక్టరుతో చేతులు కలిపాడు. కోడలివైపు తిరిగి, "మేడమ్‌కి రంగులు చూపించండి" అని లోపలికి కేకేశాడు.

"రంగులు స్కూల్లో రోజూ చూస్తానండీ. ఇంజను చూపించండి" అంది కోడలు.

సేల్స్‌మన్ ఇదేదో జోకనుకుని మర్యాదగా నవ్వి, డాక్టరుకి చూపించాడు.

మొదట డీజిల్. స్టీరింగు ముందు డాక్టరు, పక్కన సేల్స్‌మన్, మధ్య వరసలో అత్తగారు, పిన్ని. పెద్దపిల్లాడు ఆటకి పోయాడు. చివర్న బాబాయి, కోడలు, ఇద్దరి మధ్య చిన్నది, బాబాయి మోకాలి మీద గ్లాసు.

"సార్, ఆ నీళ్ళు... సీట్లు కొత్తవి సార్" అన్నాడు సేల్స్‌మన్.

"అందుకేనయ్యా జాగ్రత్త" అన్నాడు బాబాయి.

బండి స్టార్టయింది. ఇంకా కదల్లేదు. గ్లాసులో నీళ్ళు సన్నగా వణికాయి.

"ఒరేయ్, చలిజ్వరం వచ్చినట్టుందిరా దీనికి!"

"అది శక్తి బాబాయ్!"

ఊరిచివర ఎత్తురోడ్డు దాకా వెళ్ళారు. బండి నిజంగానే ఏనుగులా ఎక్కింది. కానీ ఏనుగు మీద కూర్చున్నవాడు మన డాక్టరు. పన్ను పీకేటప్పుడు ఎలా గుంజుతాడో బండిని అలాగే గుంజాడు. తొక్కితే పూర్తిగా తొక్కడం, ఆపితే ధడాలున ఆపడం. మలుపు దగ్గర అత్తగారు పిన్ని మీద, పిన్ని తలుపు మీద పడ్డారు. చిన్నదాని మొహం సుద్దముక్కలా తెల్లబడింది.

"ఏమండీ, కాస్త మెల్లగా. దీనికి తిప్పుతోంది" అంది కోడలు.

"ఇదిగో, ఈ ఒక్క మలుపూ! పికప్ చూడండి!" అన్నాడు డాక్టరు.

"ఒరేయ్! నీళ్ళు ఒలికాయి! సీటు తడుస్తోంది!"

సేల్స్‌మన్ అదిరిపడి, "మెల్లగా సార్, మెల్లగా, సీటు కవర్లు సార్!" అన్నాడు. బండి ఒక్కసారిగా సాధువైపోయింది. చిన్నది రెండుసార్లు గుటకలు మింగి నిలదొక్కుకుంది. కోడలు బాబాయికేసి చూసింది. ఆయన నీళ్ళకేసి చూస్తున్నాడు.

తర్వాత పెట్రోలు. స్టార్ట్ చేస్తే గ్లాసులో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. బండి స్టార్టయిందో లేదో అత్తగారికి తెలియక, "ఏమైందిరా, పాడైందా?" అని అడిగింది. ఎత్తురోడ్డు దగ్గరికొచ్చేసరికి డాక్టరు గేరు మార్చకుండానే తొక్కాడు. అది బండా, కుక్కరా అన్నట్టు అరిచింది. ఇంకా తొక్కాడు. ఉన్నట్టుండి ఎగిరింది. గ్లాసు గ్లాసంతా బాబాయి ప్యాంటు మీదే.

"చూశారా! డీజిల్లో సగం ఒలికింది, పెట్రోల్లో మొత్తం ఒలికింది! గ్లాసే చెప్పింది!" అని డాక్టరు బండి ఆపి చప్పట్లు కొట్టాడు.

"నిలబడినప్పుడు వణికింది డీజిలే కదండీ?" అంది కోడలు.

"నిలబడి ఉండటానికి బండెందుకు కొంటాం?"

ఆ మాటతో అత్తగారు కూడా డీజిల్ పక్షంలోకి దూకింది. చిన్నదాన్ని ఈసారికి పక్కింట్లో వదిలి వెళ్దామని కూడా అంది, ఏదో గొడుగు వదిలి వెళ్దామన్నంత తేలిగ్గా.

కోడలు ఆ సాయంత్రం కూరలు తరుగుతూ అదే ఆలోచించింది. గ్లాసు ఎక్కడెక్కడ ఒలికింది? మలుపు దగ్గర బ్రేకు కొట్టినచోట. ఎత్తు మీద ఎగదొక్కినచోట. రెండు బళ్ళూ అక్కడక్కడే. ఇంజన్లు వేరు, కాలు మాత్రం ఒకటే! ఇన్నేళ్ళుగా బాబాయి గ్లాసు పట్టుకుని ఊళ్ళో బళ్ళన్నీ పరీక్షించాడు. బండి మార్చారు, టైర్లు మార్చారు, దారి మార్చారు. తోలే మనిషిని మార్చి చూద్దామని మాత్రం ఒక్కరూ అనలేదు.

కత్తిపీట పక్కన పెట్టి కిందికి దిగి వెళ్ళింది.

"మావయ్యగారూ, రేపు ఇంకోసారి గ్లాసు తెస్తారా?"

"తెస్తానమ్మాయ్. ఎందుకు?"

"రేపు నేను నడుపుతాను."

బాబాయి మొహంలో దీపం వెలిగింది. కానీ ఏమీ తెలియనట్టే, "పెద్ద గ్లాసు తేనా, చిన్నదా?" అన్నాడు.

మర్నాడు షోరూంలో కోడలు తాళంచెవికి చెయ్యి చాపితే, సేల్స్‌మన్ దాన్ని చంటిపిల్లాడిలా గుండెకి హత్తుకున్నాడు. "మేడమ్, ఇది పెద్దబండి... సార్‌గారు నడిపితే..."

"ఏం నాయనా, నేను కళ్ళజోళ్ళు అమ్మేవాణ్ణి" అన్నాడు బాబాయి. "పెళ్ళానికి జోడు కొంటూ, మొగుడు తన ముక్కుకి పెట్టుకుని చూసి, 'బాగానే కనిపిస్తోంది, కట్టెయ్యండి' అంటే ఎలా ఉంటుంది?"

"అదెలా సార్... పెట్టుకునేవాళ్ళు చూసుకోవాలి కదా."

"తాళం ఇయ్యి."

ఇచ్చాడు. డాక్టరు అలవాటు చొప్పున ముందు సీటు తలుపు తీయబోయాడు. బాబాయి భుజం పట్టుకుని వెనక్కి నడిపించి, చివరి సీట్లోకి దూర్చి, చేతిలో గ్లాసు పెట్టాడు. "నువ్వు పట్టుకో. నా చెయ్యి వణుకుతోందీ మధ్య." ఆ చెయ్యి ఆ పొద్దునే సూదిలో దారం ఎక్కించడం పిన్ని చూసింది. చూసి ఊరుకుంది.

కోడలు సీటు ముందుకి జరుపుకుని, అద్దాలు సవరించుకుని, బండిని బడికి వెళ్ళే పిల్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని తీసుకెళ్ళింది. వెనక డాక్టరు మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

"ఇక్కడ ఏసీ గాలి రాదేమిటి?"

"ఎప్పుడూ రాదు నాన్నా" అంది పక్కనున్న చిన్నది.

"ఈ గడగడ ఏమిటి, పళ్ళు ఊడేట్టు?"

"అది డీజిల్ నాన్నా. నీ శక్తి."

పిన్ని చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎత్తురోడ్డు, మలుపు, దిగుడు. డీజిల్లోనూ, ఆ తర్వాత పెట్రోల్లోనూ. పెట్రోలు బండికి ఎత్తు మీద గేరు తగ్గించి, తొందరపెట్టకుండా ఎక్కించింది. కాస్త నెమ్మదిగా ఎక్కింది, అంతే. షోరూం ముందు ఆగాక అందరూ గ్లాసులోకి తొంగిచూశారు. చుక్క ఒలకలేదు.

"నేనే గట్టిగా పట్టుకున్నాను కదా" అన్నాడు డాక్టరు.

"ఇది బాగుందా? నిన్నటిదా?" అని చిన్నదాన్ని అడిగాడు బాబాయి.

"ఇదే తాతా" అంది చిన్నది.

ఇంజను సంగతి కోడలు వెనక సర్వీసు షెడ్డుకి వెళ్ళి మెకానిక్కునే అడిగింది. అతను చేతులు తుడుచుకుంటూ, "దూరాలు తిరిగేవాళ్ళకి డీజిలే మంచిదమ్మా. రోజూ పది నిమిషాలు తిప్పి ఆపేస్తే మాత్రం పొగగొట్టంలో మసిపట్టే జల్లెడ మూసుకుపోతుంది. బండికీ ఒళ్ళు వేడెక్కాలి కదా" అన్నాడు. కొండ ఏడాదికి ఒకసారి, స్కూలు రోజూ. పెట్రోలు బండి వచ్చింది. డాక్టరు మూతి ముడుచుకుంటే, హారను ఎంచుకునే హక్కు ఆయనకే వదిలేశారు. అత్తగారు ఎదురింటి గేటు దగ్గర నిలబడి ఎత్తు కొలిచి, ఫరవాలేదంది.

వేసవి ప్రయాణం నాడు వీధంతా నోరు తెరిచింది. గ్లాసు బాబాయి వట్టి చేతులతో వచ్చాడు!

"గ్లాసేది బాబాయ్? ఒంట్లో బాగానే ఉందా?" అని కంగారుపడ్డాడు డాక్టరు.

"ఇవాళ దేనికిరా? అమ్మాయి నడుపుతోందిగా."

ముందు సీట్లో కోడలి పక్కన చిన్నది కూర్చోవాలా పిన్ని కూర్చోవాలా అని కాసేపు వాదులాట నడిచింది. కిటికీ గాలి ఒంటికి పడుతుందని మధ్య వరసలో కిటికీ పక్క సీటు చిన్నదానికిచ్చి, పిన్నిని ముందు కూర్చోబెట్టారు. డాక్టరూ, బాబాయీ వెనక. డాక్టరు అలగలేదు. అలిగినా వెనక సీట్లోంచి ముందుకి వినపడదు.

ఘాటు రోడ్డు మొదలయ్యాక కోడలు మెల్లగా అడిగింది. "చిన్నత్తయ్యా, మావయ్యగారు నిజంగా బళ్ళని పరీక్షించడానికేనా ఆ గ్లాసు?"

పిన్ని వెనక్కి తిరిగి చూసింది. బాబాయి గుర్రుపెడుతున్నాడు.

"మా పెళ్ళయిన మర్నాడు అదే వ్యానులో తిరుగు ప్రయాణం. నా సీటూ గిన్నెల మధ్యే. దారిలో కడుపులో తిప్పింది. కొత్త కోడల్ని, నోరెత్తి ఎలా చెప్తాను? ఈయనే చెప్పారు, 'అన్నయ్యా, కాస్త మెల్లగా' అని. 'సర్దుకుంటుందిలే' అన్నారు ముందునుంచి. ఇంకోసారి చెప్పారు. అదే మాట. అప్పుడీయన గిన్నెల్లోంచి ఒక గ్లాసు లాగి, కూజాలోంచి నీళ్ళు నింపి, 'అన్నయ్యా, నీళ్ళు ఒలుకుతున్నాయి, కొత్త సీట్లు తడుస్తాయి!' అని కేకేశారు. ఇల్లు చేరేదాకా బండి నత్తలా నడిచింది."

"సీటు కోసమా!"

"మనిషి కోసం ఎవరాపుతారే? 'నీళ్ళెందుకండీ' అని అడిగితే, 'బండి స్ప్రింగులు చూస్తున్నా' అన్నారు. ఇప్పటికీ అదే అంటారు. నాకు తెలీదనుకుంటారు. అనుకోనీ."

కోడలు అద్దంలో వెనక్కి చూసింది. ఊళ్ళో ఎంతమంది బళ్ళల్లో, ఎంతమంది కడుపుతో ఉన్నవాళ్ళూ, నడుంనొప్పి ముసలివాళ్ళూ, నోరెత్తని వెనకసీటు వాళ్ళూ ఆ గ్లాసు పుణ్యమా అని కుదుపు లేకుండా ఇల్లు చేరారో! వాళ్ళందరూ ఆయన్ని పిచ్చాడనే అనుకున్నారు. ఆయనా కాదనలేదు. పిచ్చాడనిపించుకోవడం కూడా సర్దుకున్నాడు.

కొండ మీద చిన్నది బండి దిగి, అంచు దగ్గర నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు వెతికింది. "ఇల్లు కనిపించట్లేదమ్మా" అంది. అని, దానికి ఏమాత్రం బాధపడకుండా ఆకలేస్తోందంది.

తిరిగొచ్చేటప్పుడు డాక్టరు తాళంచెవి వేలికి తగిలించుకుని తిప్పుతూ, "దిగుడే కదా, నేను నడుపుతా" అన్నాడు.

బాబాయి పిన్ని సంచిలో చెయ్యి పెట్టాడు. గిన్నె చప్పుడైంది. స్టీలు గ్లాసు బయటికొచ్చింది. సీసాలోంచి నీళ్ళు అంచుదాకా పోసుకుని, వెనక సీట్లోకి దూరి, గొంతు సవరించుకున్నాడు.

ఇల్లు చేరేదాకా డాక్టరు అంత మెత్తగా ఎన్నడూ బండి నడపలేదు.

అందుకని చదివేవారికి ఒక మనవి. పెట్రోలు కొంటారో, డీజిల్ కొంటారో మీ ఇష్టం. మీ అవసరాన్ని బట్టి ఏదైనా మంచిదే. కొనేముందు మాత్రం మీ ఇంట్లో రోజూ ఆ బండి నడిపేదెవరో చూసి, తాళం వాళ్ళ చేతికివ్వండి. చివరి సీట్లో ఎప్పుడూ ఎవరు కూర్చుంటారో చూసి, వాళ్ళని ముందుకి రమ్మని, వెనక మీరు కూర్చోండి. "సర్దుకుంటారులే" అనే మాట నోటిదాకా వస్తే మింగేయండి. ఇంత చెప్పినా మీ ఇంట్లో బండి మెల్లగా పోకపోతే, అంచుదాకా నింపిన ఒక స్టీలు గ్లాసు పట్టుకుని ఎక్కండి. నలుగురూ నవ్వుతారు. నవ్వనివ్వండి.